నర్సమ్మ ఎంచిన అద్దం

నర్సమ్మ పోయిందని చాయ్ హోటలాయన చెప్పాడు. చిట్యాల మీదుగా వచ్చే పొద్దుటి బస్సులో ఆమె తమ్ముడి కొడుకు వచ్చాడట. బస్సు ఆగినంతసేపట్లో దిగి, ఆ మాట చెప్పి, మళ్ళీ అదే బస్సెక్కి ముందు ఊళ్ళ చుట్టాలకు చెప్పడానికి పోయాడట. "నిద్రలనే పోయిందట. మట్టి చేసుడు గూడ నిన్ననే అయిపోయింది. వడ్లాయనకు మాత్రం తప్పకుండ చెప్పండ్రి అన్నడు" అని హోటలాయన గ్లాసులు కడుగుతూనే అన్నాడు. ఆ వడ్లాయనను నేనే. సరేనని తలూపి, పోసిన చాయ్ తాగి వచ్చాను.

ఆమె మా ఊరి మనిషి కాదు. సర్కారు నర్సు. మర్రిగూడ వైపు మా ఊళ్ళో చిన్న దవాఖాన పెట్టినప్పుడు వచ్చింది. నౌకరీ అయిపోయి చిట్యాలలో తమ్ముడి ఇంటికి పోయేదాకా మా దగ్గరే ఉంది. ఆమెకో పేరు ఉండేది. ఊరంతా నర్సమ్మా అనే పిలిచేది కాబట్టి నేనూ అట్లాగే రాస్తున్నాను. రాయడం నాకు అలవాటు లేని పని. చేసింది వడ్రంగం, చదివింది ఊరి బడి. ఆమె గురించి అన్నీ చెప్పలేను. ఒక కిటికీ గురించి చెప్పగలను.

దవాఖాన అంటే కిరాయికి తీసుకున్న రెండు గదులు. కాన్పుల గది రోడ్డు మీదికి ఉండేది. దానికి ఒక్కటే కిటికీ. ఎదురుగా బస్సు ఆగే జాగా, ఆ పక్కనే చాయ్ హోటలు. కిటికీ రెక్కలు తీస్తే హోటల్లో కూర్చున్నవాళ్ళకు మంచం కనబడేది. మూస్తే లోపల మనిషికి మనిషి కనబడేది కాదు. కరెంటు దాని ఇష్టమున్నప్పుడు వచ్చేది. అందుకని మా ఊరి ఆడవాళ్ళు సూదికి, గోలీలకు దవాఖానకు పోయేవారు కానీ కాన్పుకు పోయేవారు కాదు.

నా బిడ్డ మొదటి కాన్పు మా ఇంట్లో, వెనక అర్రలోనే అయింది. ఆ అర్రకు కిటికీ లేదు. కష్టమైందని ఆఖరుకు నర్సమ్మను పిలుచుకొచ్చాం. బిడ్డ బతికింది, పుట్టిన పిల్లవాడు దక్కలేదు. నర్సమ్మ బయటికి వచ్చి చేతులు కడుక్కొని చాలాసేపు అరుగు మీద కూర్చుంది. పోయేటప్పుడు నాతో అన్నది: "అన్నా, కండ్లకు కనబడితె నాతోని అయితుండెనేమో."

రెండోసారి బిడ్డ కాన్పుకు మా ఇంటికి వచ్చిందని తెలిసి నర్సమ్మ తనంతట తానే వచ్చింది.

"ఈసారి నా దగ్గరికి రావాలె బిడ్డా."

"నేను రాను."

"ఎందుకు రావు?"

"బజార్ల కనుమంటవా నర్సమ్మా? హోటల్ల కూసున్నోళ్ళు బిస్కెట్లు ముంచుకుంట చూస్తరు."

"కిటికి మూస్త."

"మూస్తె మా అర్రకు, నీ గదికి ఏం ఫరక్?"

నర్సమ్మకు కోపం రాలేదు. నవ్వింది. అదీ నిజమే అన్నట్టు లేచి పోయింది. మరునాడు నేను బాడిస పట్టుకొని నాగలి చెక్కుతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది. "వెలుతురు రావాలె, చూపు రావద్దు. గసోంటి అద్దం దొరుకుతదా అన్నా?" అని అడిగింది. పరదా కట్టుకోవచ్చు కదా అన్నాను. "గాలికి లేస్తది. మరక అయితె ఉతకాలె. గన్ని నీళ్ళు ఏడున్నయి?" అన్నది. మా వైపు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ మాటకు ఎదురు చెప్పరు. ఇద్దరం నల్లగొండ పోయాం.

అక్కడ పటాలు కట్టి, అద్దాలు కోసే దుకాణం ఒకటి ఉండేది. దుకాణం సాయబు పెద్దమనిషి. కాన్పుల గదికి అనగానే గల్లా మీది నుంచి లేచి తానే అద్దాలు తీయడం మొదలుపెట్టాడు. నర్సమ్మది ఒక పద్ధతి. అద్దం వెనక తన చేయి పెట్టి, నన్ను ముందు నిలబెట్టి, "ఎన్ని వేళ్ళు అన్నా?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. తర్వాత అదే అద్దాన్ని బజారు వెలుతురుకు ఎత్తి పట్టించి, దాని కింద తన అరచేయి పెట్టి గీతలు కనబడుతున్నాయా అని చూసుకునేది.

సాయబుకు నీలి అద్దం మీద ఇష్టం. "గిది తీస్కోండ్రి అమ్మా. గది సల్లగ, సినిమా హాలు లెక్క ఉంటది" అన్నాడు.

"పుట్టిన పిల్ల నీలం పడ్డదో, అద్దమే నీలమో నేనెట్ల చెప్పాలె సాయబ్?"

సాయబు నీలి అద్దాన్ని, దాని వెనకే పచ్చదాన్ని, అడగకముందే లోపల పెట్టేశాడు.

తర్వాత హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిందని ఒకటి తెచ్చాడు. బయటివాడికి వాడి మొహమే కనబడుతుందట, లోపలివాళ్ళకు బజారంతా కనబడుతుందట. నాకు అదే బాగుందనిపించింది. నర్సమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రాత్రి లోపల దీపం పెడితె?" అని అడిగింది. సాయబు గడ్డం గోక్కున్నాడు. "గప్పుడు ఉల్టా అయితదమ్మా. బయటోనికి మీరు కనబడతరు, మీకు మీ మొఖం కనబడతది."

"కాన్పులన్ని పగటీలే అయితయా?"

"అల్లా మర్జీ" అని సాయబు దాన్నీ పక్కన పెట్టాడు.

పువ్వుల అద్దంలో ఆమె వేళ్ళు ముక్కలు ముక్కలుగా కనబడ్డాయి కానీ కదిలిస్తే తెలిసిపోయింది. ఆఖరుకు గరుకు అద్దం వచ్చింది. ఒక ముఖం నున్నగా, ఒక ముఖం సన్నటి ఇసుకతో రుద్దినట్టు ఉంటుంది. చేయి ఆనించి పెడితే వేళ్ళు తెలిశాయి. కొంచెం వెనక్కి జరపగానే పాలలో మునిగినట్టు పోయాయి. వెలుతురుకు పట్టిస్తే ఆమె అరచేతిలో ప్రతి గీతా కనబడింది. "గిదే" అన్నది.

సాయబు కాగితంలో చుడుతూ ఒక మాట చెప్పాడు. "గరుకు లోపలికి పెట్టుకోండ్రి అమ్మా. అందరు గట్లనే పెడతరు."

"లోపలికి పెడితె రక్తం మరక గరుకుల పట్టుకుంటది. నున్నటిది లోపలుంటె ఒక్కసారి తుడిస్తె పోతది."

"మీ పని మీకు తెలుస్తది. నేనైతె చెప్పిన."

ఆమె చెప్పినట్టే గరుకు ముఖం బయటికి పెట్టి, చెక్క పట్టీలు కొట్టి బిగించాను. ఆ రోజు నర్సమ్మ నా బిడ్డను లోపల మంచం మీద కూర్చోబెట్టి, తాను హోటలాయనను రోడ్డు మీద నిలబెట్టి అడిగింది. "ఏం కనబడతాంది?"

"ఏం కనబడతది, పాలు పోసినట్టున్నది. నా చాయ్‌ల గూడ గన్ని పాలుండయి" అన్నాడు హోటలాయన.

లోపలి నుంచి నా బిడ్డ నవ్వింది. బయటికి వచ్చి, "వస్త తియ్యి నర్సమ్మా" అన్నది.

ఆ ఎండాకాలమంతా అద్దం పాలలాగే తెల్లగా ఉంది. మా బిడ్డ కంటే ముందు వేరే ఇళ్ళ నుంచి కొందరు ఆ గదికి పోయి, పిల్లలను ఎత్తుకొని ఇంటికి వచ్చారు. మా ఊళ్ళో వాన ఎప్పుడో గానీ రాదు కాబట్టి వాన గురించి ఎవరికీ తోచలేదు.

బిడ్డకు నొప్పులు మొదలైన రోజు సాయంత్రం మబ్బు పట్టింది. కరెంటు పోయింది. నర్సమ్మ లోపల లాంతరు వెలిగించింది. నేను తలుపు బయట కూర్చున్నాను. ఉన్నట్టుండి గాలివాన కొట్టింది. బస్సు కోసం నిలబడ్డ మగవాళ్ళంతా పరుగెత్తుకొచ్చి దవాఖాన చూరు కింద, ఆ కిటికీ ముందరే నిలబడ్డారు. వాన జల్లు అద్దం మీద పడింది. గరుకు తడిసి, ఆ తెల్లదనమంతా కరిగిపోయి, అద్దం మామూలు అద్దమైపోయింది. లోపల లాంతరు, మంచం, నర్సమ్మ తెల్లచీర.

లోపల నా బిడ్డ అరిచింది. అది నొప్పి అరుపు కాదు.

"అన్నా! అద్దం తడిస్తె కనబడతాంది! జర అడ్డం నిలవడు!" నర్సమ్మ గొంతు.

పోయి కిటికీకి వీపు ఆనించి నిలబడ్డాను. నేను సన్నటి మనిషిని, కిటికీ వెడల్పు. చేతులు చాపి పెట్టినా రెండు పక్కలా అద్దం మిగిలింది. నా మొహం చూసి హోటలాయనకు అర్థమైనట్టుంది. గోనెసంచి నెత్తిన వేసుకొని వానలోనే వచ్చాడు.

"ఏయ్, ఏందయ్యా గటు మొఖం పెట్టి నిలవడ్డరు? బస్సు గోడల నుంచి వస్తదా? రోడ్డు దిక్కు తిరుగుండ్రి! వడ్లాయన పక్కకు జరిగి నిలవడుండ్రి. ఇంకా దగ్గరికి. నువ్వు పొడుగున్నవు, నడుమకు రా."

వాళ్ళు తిరిగారు. భుజానికి భుజం ఆనించి, కిటికీకి వీపులు పెట్టి, వానకు మొహాలిచ్చి నిలబడ్డారు. అందులో మా ఊరివాళ్ళూ ఉన్నారు, ఎక్కడివాళ్ళో తెలియనివాళ్ళూ ఉన్నారు. వెనక నుంచి నర్సమ్మ గొంతు వినబడుతూ ఉంది. "ఎవలు చూస్తలేరు బిడ్డా. అందరు అటే తిరిగిన్రు. నేను చెప్తున్న గద. నన్ను చూడు."

కాసేపటికి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి అరిచాడు. "ఎక్కుతరా, ఎక్కరా? గట్ల ఫొటోకు నిలవడ్డట్టు నిలవడ్డరేంది?"

ఎవరూ కదల్లేదు. "ఇయ్యాల ఎవలు రారు. నువ్వు పో" అన్నాడు హోటలాయన. కండక్టరు ఏదో గొణుక్కొని ఈల వేశాడు. ఆ రోజుకు అదే ఆఖరు బస్సు.

వాన సన్నబడే వేళకు లోపల పిల్ల ఏడ్చింది. నర్సమ్మ తలుపు తీసి గడపలో నిలబడి చెప్పింది. "ఆడపిల్ల. ఎర్రగున్నది. లాంతరు వెలుగుల గూడ మంచిగ చూసిన అన్నా, ఎర్రగనే ఉన్నది." తర్వాత నిలబడ్డవాళ్ళను చూసి, "మీ బట్టలు పిండుకోండ్రి, జలుబు చేస్తె నా దగ్గరికే వస్తరు మళ్ళ" అన్నది. బస్సు పోగొట్టుకున్నవాళ్ళు ఆ రాత్రి హోటల్లోనే పడుకున్నారు.

తెల్లవారి ఆమె నా దగ్గరికి వచ్చింది. "సాయబు చెప్పిండు, నేనే వినలే. తప్పు నాది. తిప్పి పెట్టు అన్నా" అన్నది. పట్టీలు ఊడదీసి గరుకు ముఖం లోపలికి తిప్పాను. తర్వాత ఎవరో నల్లగొండ పోతుంటే, సాయబుకు ఆయన చెప్పిందే కరెక్టని చెప్పమని పంపింది. తప్పు చేసిన సంగతి ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పేదాకా ఆమెకు తోచేది కాదు.

తిప్పాక ఇంకో సంగతి బయటపడింది. లోపల నీళ్ళు మరిగిస్తే ఆవిరి పట్టి అద్దంలోంచి మళ్ళీ కనబడడం మొదలైంది. స్టవ్వును ఎదురు మూలకు మార్చింది. అయితే ఆ ఆవిరితోనే ఆమెకు ఒక అలవాటు పుట్టింది. బయట ఏం జరుగుతుందో చూడాలంటే తడిగుడ్డ కొసతో అద్దం కింది మూలన అరచేయంత జాగా తుడిచేది. అక్కడ రోడ్డు కనబడేది. ఆమె చూసుకునేది. కొంతసేపటికి అదే ఆరి తెల్లబడేది. అంత చిన్న జాగాలోంచి బయటివాళ్ళకు ఏమీ కనబడేది కాదు.

ఇది నా బిడ్డ చెప్పగా విన్నాను, ఆమె మూడో కాన్పప్పుడు. పక్క మంచం మీది ఆమె నొప్పుల్లో అడిగేదట. "నర్సమ్మా, మా ఆయన ఉన్నడా, పోయిండా?"

నర్సమ్మ తుడిచి చూసేది. "ఉన్నడు. చాయ్ తాగుతాండు."

"ఇంకానా! గది ఎన్నోది?"

"నేను లెక్క పెట్టలే గానీ, హోటలాయన మాత్రం మంచి ఖుషీల ఉన్నడు."

నొప్పుల మధ్య ఆ ఆడవాళ్ళు నవ్వేవారట. ఇంకొకసారి ఎవరో తానే చూస్తానంటే తడిగుడ్డ ఆమె చేతికిచ్చి, "చూడబుద్ధయితె తుడువు, వద్దనుకుంటె ఊకో. అదే మూసుకుంటది" అన్నదట. నా బిడ్డకు ఆ మాట బాగా నచ్చింది. మంచం మీద ఉన్నవాళ్ళకు చేతిలో ఏదీ ఉండదు, ఆ గుడ్డ ఒక్కటి ఉండేది అన్నది.

నర్సమ్మ మా ఇంటికి పండుగకో పబ్బానికో వచ్చేది కాదు. ఆదివారం ప్రార్థనకు పోయివస్తూ అరుగు దగ్గర ఆగి, మా దగ్గరే పెరుగుతున్న ఆ వానరోజు పిల్లను పిలిచి, కంటి కింది రెప్ప లాగి చూసి, "తిండి పెట్టుండ్రి" అని పోయేది. నాతో పెద్దగా మాట్లాడేది కాదు. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. పని ఉంటే చెప్పేది, చేసేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకున్నది ఆ నల్లగొండ దుకాణంలోనే. ఆమె ఎన్ని వేళ్ళని అడగడం, నేను చెప్పడం.

తర్వాత సర్కారు దవాఖానకు సొంత ఇల్లు కట్టింది. అక్కడ కిటికీలు పైకి పెట్టారు, వెలుతురు సరిపోతుంది, ఎవరికీ ఏమీ కనబడదు. నర్సమ్మ అందులో కొన్నాళ్ళే పని చేసింది. పాత గది ఎరువుల దుకాణంవాళ్ళు కిరాయికి తీసుకొని బస్తాలు వేసుకుంటున్నారు.

హోటలాయన చెప్పిన రోజు మధ్యాహ్నం నేను అక్కడికి పోయాను. కిటికీ పట్టీ ఒకటి వదులైందేమో చూస్తానని తాళం అడిగితే ఇచ్చారు. పట్టీ గట్టిగానే ఉంది. బస్తాల మధ్య నుంచి నడిచి అద్దం దగ్గరికి పోయాను. దుమ్ము పట్టింది. కింది మూలన మాత్రం, మా బోరు నీళ్ళకు అన్నేళ్ళు తడిసి ఆరి, అరచేయంత మచ్చ అంచు గీసినట్టు మిగిలి ఉంది.

తువ్వాల కొస తడిపి ఆ మచ్చ మీద తుడిచాను. రోడ్డు కనబడింది. హోటలు కనబడింది. హోటలాయన ఎవరితోనో నవ్వుతూ చాయ్ పోస్తున్నాడు. ఒంటిపూట బడి విడిచినట్టున్నారు, నా మనుమరాలు సంచి నెత్తిన పెట్టుకొని ఎండలో పోతోంది. నేను లోపలున్నానని దానికి తెలియదు. అది రోడ్డు మలుపు దాకా పోవడం చూశాను. అంతలోకే అద్దం అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. హోటలు పోయింది, రోడ్డు పోయింది, నడుమ ఇంకా కొంచెం తడి ఉంది. అదీ తెల్లబడింది. గదిలో వెలుతురు మాత్రం అట్లాగే ఉంది.