దర్వాజ నుంచి నలభై అంగలు

తొలకరి జల్లు మణికొండలోని మా ఏడో అంతస్తు బాల్కనీలోకి కొట్టినప్పుడు, గోడకు ఆనించి పెట్టిన పాత టేకు చెక్క తడిసి, పసుపు, నువ్వుల నూనె, ఎండిన తంగేడు పువ్వు కలిసినట్టు ఒక వాసన వస్తుంది. ఆ వాసనకు కళ్లు మూసుకుంటే చాలు, ఎదురుగా ఉన్న అద్దాల మేడలు ఒక్కొక్కటే కరిగిపోయి, వాటి వెనక నుంచి మా పాత రాతిగుట్ట, అత్తాకోడళ్ల గుండు, నెమ్మదిగా లేచి నిలబడుతుంది.

ఆ చెక్క ఒకప్పుడు మా ఇంటి గడప. ఇల్లంటే గోడలూ కప్పూ ఉన్న ఇల్లు కాదు, దర్వాజ ఒక్కటే. మా వైపు ఇల్లు మొదలుపెట్టగానే ముందు దర్వాజ, అంటే గుమ్మం చట్రం, నిలబెడతారు. గచ్చిబౌలికి అవతల రాళ్ల మధ్య మా బాపు కొన్న జాగాలో, కింద నవధాన్యాలు పోసి, గడపకు పసుపు పూసి, మామిడాకులు కట్టి దర్వాజ నిలబెట్టారు. ఆ తర్వాత మూడు చోట్ల బోరు వేయిస్తే మూడు చోట్లా తెల్లటి రాతిపిండే లేచింది. నీళ్లు పడితే గోడలు లేపుదామని బాపు ఆగాడు. అలా నాలుగేళ్లు, చుట్టూ ఏమీ లేకుండా, ఆ దర్వాజ ఆకాశాన్ని మోస్తూ ఒంటరిగా నిలబడింది.

మేం ఊళ్లో ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లం. రోజూ పొద్దు వాలే వేళకు అమ్మ నన్ను తీసుకుని అక్కడికి వెళ్లి గడప మీద దీపం పెట్టేది. లోపలికి పోవాలంటే అందరూ దర్వాజలోంచే పోవాలి. ఒకసారి నేను పక్క నుంచి నడిచి వెళితే అమ్మ కేకేసింది.

"పక్కకెల్లి వస్తవేంది? గోడలు లేకుంటేంది, దర్వాజ ఉన్నది గద! దొంగలే గట్లొచ్చేది."

దర్వాజకు సరిగ్గా ఎదురుగా, ఒక రాయి మీద ఇంకో రాయి ఎక్కి కూర్చున్నట్టుండే అత్తాకోడళ్ల గుండు. వానాకాలంలో దాని గుంటల్లో నిలిచిన నీళ్లలో మబ్బులు కదిలేవి. బతుకమ్మ రోజుల్లో దాని చుట్టూ గునుగు పూలు వెండి కుచ్చుల్లా ఊగేవి, ఒడిలో సత్తుపిండి పోసుకుని బుక్కుతూ మేం వాటి మధ్య పరుగెత్తేవాళ్లం. సీతాఫలాలు కళ్లు తెరిచే కాలంలో పగలంతా ఎండను తాగిన ఆ రాయి సాయంత్రం వీపు ఆనిస్తే వెచ్చగా తగిలేది. నాకేమో అన్నీ లెక్కపెట్టే జబ్బు. గడప నుంచి గుండుకు అరవై అంగలు. గడపకు ఇవతల ఐదు అంగల దూరంలో నిలబడితే గుండు మొత్తం దర్వాజలో బొమ్మలా ఇమిడేది. పది అంగలు వెనక్కి జరిగితే పై రాయి నెత్తి దర్వాజను దాటేది. ఇంకా వెనక్కి పోయేకొద్దీ దర్వాజ చిన్నదైపోయి, గుండు మాత్రం దాని వెనక పెరిగి పెద్దదయ్యేది. బళ్లో ఎవరూ చెప్పని ఈ వింతను నేను రోజూ ముందుకూ వెనక్కూ నడిచి సరిచూసుకునేదాన్ని.

నాలుగో ఏడు ఆ జాగాలోంచే రోడ్డు పోతుందని గుర్తులు వేశారు. దసరా దాటగానే దర్వాజ ఊడదీయాలి. అమ్మ ఏడవలేదు. మూసాపేటలో ఉండే చిన్నమామను మాత్రం పిలిపించి, సొంత దర్వాజలో నిలబడి ఒక్క ఫోటో దిగుతానంది. మామ దోస్తు దగ్గర కెమెరా తెచ్చాడు. రీలులో ఒక్కటే మిగిలింది. నేను తీస్తానని కాళ్లకు చుట్టుకున్నాను.

"అది లెక్క తెలిసిన పిల్ల, దాన్నే తియ్యనీ" అంది అమ్మ.

పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, గడప దాటి దర్వాజలోనే నిలబడింది. ఐదు అంగల నుంచి చూస్తే అమ్మ వెనక గుండు దాగిపోయింది. పది అంగలకు దాని భుజాలు బయటపడ్డాయి. ఇరవై, ముప్ఫై. గుండూ కావాలి, దర్వాజా కావాలి, అమ్మా కావాలి.

"ఇంకెంత దూరం పోతవే, పట్నం పోతవా?" మామ అరిచాడు.

నలభై అంగల దగ్గర అన్నీ కుదిరాయి. నొక్కేశాను.

కడిగించిన ఫోటో వచ్చిన రోజు అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు వెతికింది. "పట్టుచీర కట్టి నిలబడితే, నన్ను చీమ లెక్క జేసినవ్ గద బిడ్డా" అంది. "రాయికి పెళ్లి ఫోటో తీసింది అక్కా, నీ బిడ్డ" అని మామ నవ్వించబోయాడు. అమ్మ నవ్వలేదు. ఫోటో పెట్టె అడుగుకు, చీరల కిందికి వెళ్లింది. దర్వాజ ఊడదీశారు. గడప ఒక్కటే మాతో కిరాయి ఇళ్లన్నీ తిరిగింది.

ఈ మధ్య ఆదివారాలు పొద్దున్నే నేను ఫోన్ పట్టుకుని చెరువుల గట్ల మీద ఫోటోలు తీస్తున్నాను. తెర మీద తొమ్మిది గళ్లు పెట్టుకుని, నీటి అంచును కింది గీతకు ఆనిస్తూ నాకు నేనే నేర్చుకుంటున్నాను. పోయిన వారం నా ఉత్త రాళ్ల ఫోటోలు చూసి, పక్క ఫ్లాట్లో ఉండే కాకినాడ అమ్మాయి అంది: "బాగున్నాయాంటీ, కానీ ఎక్కడో ఓ మనిషిని చిన్నగా పెట్టండి. లేకపోతే ఆ రాయి ఎంతుందో ఎలా తెలుస్తుందండీ?"

ఇంటికొచ్చి పెట్టె తీశాను. స్కేలు పెట్టి కొలిచాను. ఫోటోలో అమ్మ అర అంగుళం, రెండు బియ్యపు గింజలు నిలువునా పేర్చినంత. గుండు రెండున్నర అంగుళాలు, అంటే ఐదుగురు అమ్మలు. అమ్మ ఎత్తు ఐదడుగులు. గుండు అమ్మ పక్కనే ఉంటే ఇరవై ఐదు అడుగులు. కానీ అమ్మ నాకు నలభై అంగల్లో ఉంటే, గుండు నలభై, అరవై కలిపి నూరు అంగల్లో ఉంది, కాబట్టి దానికి రెండున్నర రెట్లు. అప్పటి నా అంగ ఎంత పొడవో గుర్తులేదు, ఈ లెక్కకు అది అక్కర్లేదు కూడా. అరవై రెండున్నర అడుగులు.

అమ్మకు చెప్పాను. ఫోటో కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"గంతేనా? నేనింకా పెద్దదనుకున్న" అంది. ఫోటో నా చేతికిచ్చి, "ఇగ గోడకు పెట్టు" అంది.

అత్తాకోడళ్ల గుండు ఉన్నచోట ఇప్పుడు ఆఫీసు బస్సులు ఆగుతాయి. దాన్ని పగలగొట్టినప్పుడు కొలిచినవాళ్లెవరూ లేరు. గునుగు లేదు, మబ్బులు నిలిచే గుంటలు లేవు, అరవై అంగల దారి లేదు. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ వాళ్లను ఆ ఫోటో ముందుకు తీసుకుపోయి ముందు రాయిని చూపిస్తుంది, తర్వాత దర్వాజను, ఆఖరున వేలు గోరుతో ఆ రెండు గింజలను.

"గదే నేను. నన్ను బట్టే గంత గుండును కొలిసింది నా బిడ్డ."