పెద్దమ్మ పట్టింపు

ఆ రోజుల్లో నాకు "కుదరదు" అనే మాట నోటికి వచ్చేది కాదు. ఆ రోజులంటే మరీ పాతవేం కాదు. జుట్టు నిండుగా ఉన్న రోజులు, పెళ్ళి కాని రోజులు, అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో నా కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు. కుదరదు అనలేనివాణ్ణి ఎవరైనా ఏం చేస్తారు? సెక్రటరీని చేస్తారు. మా తెలుగువాళ్ళ ఖగోళ క్లబ్బుకి నేను సెక్రటరీనైంది అలాగే. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. మా టీమ్ లీడ్ ఒకాయన టెలిస్కోపు కొన్నాడు. కొన్నాక దాన్ని ఎవరికో ఒకరికి చూపించాలి గనక నెలకోసారి అందరినీ పార్కుకి పిలిచేవాడు. మేం వంతులవారీగా చంద్రుణ్ణి చూసి, గుంటలు భలే కనిపిస్తున్నాయని మెచ్చుకుని, ఆపైన వాళ్ళావిడ తెచ్చిన పులిహోర మీద పడేవాళ్ళం. ఆయన అందరికీ టెలిస్కోప్ అన్న, ఆవిడ వదిన. (నిజం చెప్పాలంటే క్లబ్బులో సగం మంది పులిహోర సభ్యులే. నేను చేరిందీ ఆ కోటాలోనే.)

కానీ సంపూర్ణ సూర్యగ్రహణం మా రాష్ట్రం మీదుగా పోతోందని తెలిశాక నాకు నిజంగానే పిచ్చి పట్టింది. పట్టపగలు చీకటి పడడం, చుక్కలు కనబడడం జన్మకోసారి దొరికే భాగ్యం. చిక్కల్లా మా ఊళ్ళో సూర్యుడు పూర్తిగా మూసుకోడు, కాస్త మిగిలిపోతాడు. పూర్తిగా చూడాలంటే దక్షిణంగా రెండు మూడు గంటలు డ్రైవ్ చేయాలి. ఈ మాట మీటింగులో చెప్పగానే పంచాంగం మామ అడ్డం తిరిగాడు. (మా అందరిలోకీ పెద్దాయన, ఫోన్‌లో మూడు పంచాంగాల యాప్‌లు పెట్టుకున్నవాడు.) ఇక్కడే తొంభై ఎనిమిది శాతం కనిపిస్తుంటే ఆ మిగతా రెండు శాతం కోసం అంత దూరం ఎందుకయ్యా అన్నాడు. లెక్కల్లో ఆ రెండు మార్కులే తగ్గాయని కొడుకుతో వారం రోజులు మాట్లాడని మనిషాయన. ఆయన్ని ఓటింగులో ఓడించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ తర్వాత పట్టింపులు మొదలయ్యాయి. విచిత్రమేమిటంటే మా క్లబ్బులో ఒక్కరికీ పట్టింపు లేదు. అందరూ "నాకేం పట్టింపు లేదు గానీ" అనే మొదలుపెట్టేవారు. ఆ "గానీ" తర్వాత వచ్చేదంతా టెలిస్కోప్ అన్న వాళ్ళమ్మ ఖాతాలో పడేది. ఆవిడ నల్గొండ నుంచి కొన్నాళ్ళు ఉండి వెళదామని వచ్చింది. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. నాకేం పట్టింపు లేదు గానీ పెద్దావిడ ముందు గ్రహణం పట్టి ఉండగా ఏం తింటాం అన్నారొకరు. లంచ్ సాయంత్రానికి జరిగింది. నాకేం పట్టింపు లేదు గానీ అత్తయ్యగారు ఏమనుకుంటారో, వండినవాటి మీద దర్భ వేయాల్సిందే అంది వదిన. ఆర్కన్సాలో దర్భ ఎక్కడ తెచ్చేది? సన్నగా, పచ్చగా ఉంటే చాలని ఇంటిముందు లాన్‌లో గడ్డి కోసి డబ్బాల మూతల మీద పరిచింది. (దానికి మొన్ననే కలుపు మందు కొట్టించానని అన్న చెప్పాక ఆ డబ్బాలన్నీ నేనే కడిగాను.) విడుపు స్నానం మాటేమిటి అని ఇంకొకరు లేవదీశారు. హోటళ్ళన్నీ ఎప్పుడో నిండిపోయాయి. దారిలో ఉన్న ఒక జిమ్‌కి ఫోన్ చేసి, మేం ఇరవైమందిమి వస్తాం, వ్యాయామం ఏమీ చేయం, ఒంటిమీద బట్టలతో తలస్నానం చేసి వెళ్ళిపోతాం అని విన్నవించుకున్నాను. అవతలి అమ్మాయి, మీరు క్షేమంగానే ఉన్నారా అని మెల్లగా అడిగింది.

ఇంతలో మామ ఇంకో బాంబు పేల్చాడు. గ్రహణం మన దేశంలో కనిపించదు కాబట్టి పంచాంగం ప్రకారం పట్టింపే లేదట. నేను ఊపిరి పీల్చుకునేలోపే, మన దేశం అంటే ఏది అని ఎవరో అడిగారు. దాని మీద ఒక సాయంత్రమంతా చర్చ జరిగి, గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి పట్టింపు ఉంటుందనీ, హెచ్ వన్ వీసా వాళ్ళకి ఉండదనీ, అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్ళు ఎందుకైనా మంచిది పాటించాలనీ తేల్చారు. అంతసేపూ పెద్దమ్మ మాకు టీలు అందిస్తూ నన్ను ఒక్కటే అడిగింది. "చీకటి ఎంతసేపుంటది బిడ్డా?" నాలుగు నిమిషాలన్నాను. "గంతేనా" అని నిట్టూర్చింది. పాపం భయపడుతోందని అందరం జాలిపడ్డాం.

అసలు దెబ్బ బయల్దేరే ముందురోజు తగిలింది. టెలిస్కోప్ అన్న నా భుజం మీద చేయివేసి, అమ్మను ఇంట్లో ఒంటరిగా వదల్లేం, అక్కడ బయట నిలబెట్టలేం, మినీవ్యాన్‌లో కిటికీలకి దుప్పట్లు కట్టి కూర్చోబెడదాం అన్నాడు. "తోడు ఒకరుండాలి కదరా. అందరూ పిల్లలవాళ్ళాయె. నువ్వైతే బ్యాచిలర్‌వి." రెండు నెలలు ప్లాన్ చేసిందెవరు? నేను. జిమ్‌వాళ్ళ చేత పిచ్చివాడనిపించుకున్నదెవరు? నేను. నోరు తెరిచాను. "సరే అన్నా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, ఒక చిన్న ఊళ్ళో చర్చి వెనక మైదానంలో మావాళ్ళంతా నల్లద్దాలు పెట్టుకుని ఆకాశంలోకి మెడలు చాచి నిలబడ్డారు. నేను డ్రైవర్ సీట్లో, వెనక పెద్దమ్మ, చుట్టూ పూలపూల దుప్పట్లు. ముందు అద్దానికి కూడా దుప్పటే. బయట వెలుగు తగ్గుతున్నకొద్దీ దుప్పటి మీది పూల రంగులు పోతున్నాయి. నా గ్రహణం నాకు అలా కనిపించింది. కోపంతో ఏడుపొచ్చి, ముక్కు ఎగబీల్చాను.

"నువ్వు ఈడెందుకు కూసున్నవ్ బిడ్డా? పొయ్యి చూడరాదు?" అంది పెద్దమ్మ.

"మీకు తోడు ఉండమన్నారు. మీకు పట్టింపు కదా."

"నాకా?" ఆవిడ ముందుకు వంగింది. "ఎవలు చెప్పిన్రు? నన్నెవలన్న అడిగిన్రా? మీ అన్న నా కడుపుల ఉన్నప్పుడు మా ఊర్ల గిట్లనే మొత్తం చీకటైంది. నన్ను అర్రల పెట్టి తలుపేసిన్రు. చుక్కలు కనబడ్డయి, కోళ్ళు గూట్లకు పోయినయి అని మా ఆడబిడ్డ మురిసిపోయి చెప్పింది. నేను గోడ చూసుకుంట కూసున్న. ఇప్పుడు వాడే నన్ను బండ్ల పెట్టి దుప్పటి కట్టిండు."

మరి ఇన్నాళ్ళూ ఒక్కమాటైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీకే పట్టింపున్నదేమో అనుకున్న. చదువుకున్నోళ్ళు గింత చేస్తుంటే నేనేం అడ్డు చెప్త అని ఊకున్న."

అంతలో బయట ఒక్కసారి హోరుమని కేకలు వినబడ్డాయి. నేను తలుపు మీట నొక్కాను. ఆ మినీవ్యాన్ తలుపుకి సిగ్గూ శరం లేవు. దానికి తోచినంత నింపాదిగా, బీప్ బీప్ అనుకుంటూ జరిగింది. సగం తెరుచుకోగానే పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దూకినంత పని చేసింది. నేను వెనకే దిగాను.

సూర్యుడి స్థానంలో నల్లటి గుండ్రం, దాని చుట్టూ తెల్లటి వెలుగు రేకులు. పక్కనే ఒక చుక్క మెరుస్తోంది. చుట్టూ నేల అంచుల్లో అన్ని వైపులా సాయంత్రపు ఎరుపు. పెద్దమ్మ నా మోచేయి పట్టుకుంది. తల వెనక్కి వాల్చి అలాగే చూస్తూ నిలబడింది.

"గింత మంచిగున్నదానికా తలుపేసిన్రు" అంది చివరికి.

వెలుగు తిరిగొచ్చాక టెలిస్కోప్ అన్న వాళ్ళమ్మను చూసి బిక్కచచ్చిపోయాడు. (ఆ నాలుగు నిమిషాల్లో సగం కెమెరా బిగించుకోవడంలోనే పోయిందట ఆయనకి.) అమ్మా నువ్వెందుకు దిగావంటే, ఆకలైతుందిరా పులిహోర తియ్యి అందావిడ. గ్రహణం ఇంకా పూర్తిగా విడవలేదు. పెద్దమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పట్టింపు లేనివాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, తర్వాత ప్లేట్ల కోసం తోసుకున్నారు. జిమ్‌లో స్నానానికి ఎవరూ రాలేదు. పంచాంగం మామ మాత్రం వాటర్ బాటిల్‌తో మొహం కడుక్కుని, ఎండగా ఉంది అన్నాడు.

ఇప్పుడు నాకు పెళ్ళయింది. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. మొన్న తెల్లవారుజామున చంద్రగ్రహణం ఉందని చూడ్డానికి తను చెప్పులు వేసుకుంటుంటే, నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నాకేం పట్టింపు లేదు గానీ, మీ అమ్మగారికి తెలిస్తే..." అన్నాను. ఫోన్ చేసి లేపి చూడమన్నది మా అమ్మే అంది తను. అయితే మా అమ్మ, అనబోయాను. మా అమ్మని నేను అడగలేదు. ఇక మిగిలింది ఎవరా అని ఆలోచిస్తే నవ్వొచ్చింది. పక్కకి జరిగి తలుపు తీశాను. దుప్పటి ఒకటి తెచ్చి తన భుజాల చుట్టూ కప్పాను. బయట చలిగా ఉంది మరి.