నౌపడ దిబ్బల దగ్గర, పోటు తిరిగేదాకా

కొత్తవలస దగ్గర రాయి కోసే ఫ్యాక్టరీలో నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. అక్కడ చెవి కప్పులు లేవని కాదు, ఉన్నాయి. మేనేజరు గది బీరువాలో తాళం వేసి ఉన్నాయి. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే బయటికి వస్తాయి, వాళ్ళ కారు గేటు దాటగానే లోపలికి పోతాయి. అడిగితే దూది పెట్టుకోమన్నాడు. పోయిన నెల నా కుడి చెవిలో కీచుమని మోత మొదలైంది, పని ఆపినా ఆగలేదు. విజయనగరంలో చెవి డాక్టరమ్మ చూసి, "ముందు సన్న శబ్దాలు పోతాయి. పిట్టల అరుపులు, పసిపిల్లల గొంతులు. పది రోజులు ఆ రంపానికి దూరంగా ఉండి మళ్ళీ రా, అప్పుడు చెబుతాను" అంది. పది రోజులు ఆగే ఓపిక నాకు లేదు. ఎనిమిదో రోజునే పిట్టల దగ్గరికి బయల్దేరాను. మా వీధిలో పిట్టలు లేవా అంటారేమో. మా వీధిలో లారీలున్నాయి. అందుకే ఇంజిను లేని పడవ కావాలనుకున్నాను.

పొద్దున్న ఆరున్నరకి ప్యాసింజరు ఎక్కితే తొమ్మిదిన్నరకి నౌపడలో దిగాను. టికెట్టు నలభై రూపాయల లోపే. అక్కడి నుంచి ఉప్పు మళ్ళ మధ్యగా భావనపాడు వైపు ఆటో నూట యాభై. తెరచాప పడవ కావాలంటే ఆటో అతనికి నచ్చలేదు. "సాప పడవేటి బాబూ, ఇంజను బోటైతే అరగంటలో అన్నీ సూపించీసి తెచ్చీద్దురు" అన్నాడు. అరగంటలో చూసి నేనేం చేసుకోను?

ఉప్పుటేరు గట్టున దానేసు మావ దొరికాడు. అరవై దాటిన మనిషి. అతని తెరచాప పాత ఫ్లెక్సీలు కుట్టి చేసినది, ఎవరో నాయకుడి ముఖం సగం తలకిందులుగా నవ్వుతోంది. ఏడు వందలకి ఒప్పుకున్నాడు. "పాటు మీద ఎల్దాం, పోటు మీద ఒచ్చేద్దాం. మద్దిలో నన్ను తొందర పెడితే దింపీసి పోతాను" అన్నాడు. పాటంటే సముద్రం నీటిని వెనక్కి లాక్కునే వేళ, పోటంటే తిరిగి పంపే వేళ. పదిన్నరకి కదిలాం. నీరు లాగుతుంటే, ఆ నాయకుడి బుగ్గలు గాలికి ఉబ్బుతుంటే, పడవ చప్పుడు లేకుండా జారింది. పక్కన చేపలు గుంపుగా ఎగిరి పడ్డాయి. ఒక డేగ నీటిని గీరి ఒక దాన్ని ఎత్తుకుపోయింది. నాలుగేళ్ళలో అంత నిశ్శబ్దం నాకు తగల్లేదు. అదే భయపెట్టింది కూడా.

గంటకి ఇసుక దిబ్బలు వచ్చాయి. ఏటి మధ్యలో బుల్లి దీవులు, ఒక్కో దాని మీద వందల పిట్టలు. గూడబాతులు వరుసగా కూర్చుని నోళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి. ముక్కు కింద సంచులు దడదడా ఆడుతున్నాయి. నాకు ఒక్క అరుపూ వినబడలేదు. పడవ చెక్క మీద గోటితో కొట్టి చూశాను, అది వినబడింది.

"మావా, అవి అరుస్తన్నాయా?"

"ఏటీ?"

"అరుస్తన్నాయా అని!"

"గట్టిగా సెప్పరా, పెళ్ళికూతురులాగ గొణుగుతావేటి?"

లేచి నిలబడి అరిచాను. దానేసు మావ కడుపు పట్టుకుని నవ్వాడు.

"గూడబాతు అరవడమేటిరా! పెద్దయ్యాక దానికి గొంతే లేదు. ఎండకి నోరిప్పి సల్లార్సుకుంటన్నాది. అరిసేవి అవిగో, నీటివార ఉల్లంకి పిట్టలు. సన్నగా, ఈల లాగ. నాను ఇని పదేళ్ళయిపోనాది."

"నీకినపడవా?"

"సముద్రంలో ఇరవయ్యేళ్ళు ఇంజను పక్కన కూకున్నాను. అది మింగీసినాది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఉల్లంకులు పిడికెడంత పిట్టలు, తల దించుకుని బురద పొడుచుకుంటున్నాయి, నోరు తెరవడం లేదు. లేపుదామని చేతులెత్తాను. మావ నా మణికట్టు పట్టేసుకున్నాడు.

"ఒరే, సప్పట్లు కొట్టీవంటే ఏట్లో తోసీగల్ను. పోటు తిరగనీ. నీరు కాళ్ళ కిందకొస్తే అవే లెగుస్తాయి. లెగిసినప్పుడు అరుస్తాయి."

గంటన్నర కూర్చున్నాం. అతని భార్య కట్టిచ్చిన చద్దన్నం, ఎండు మెత్తళ్ళ వేపుడు చెరిసగం పంచుకున్నాం. నేను రెండు ముద్దలతో ఆపేశాను, మావ నా వాటా కూడా పూర్తి చేశాడు. ఒంటి గంట దాటాక పడవ మెల్లగా ముక్కు తిప్పుకుంది. నీరు వెనక్కి వస్తోంది. దిబ్బ అంచు తడిసింది. ఉల్లంకులు ఒక అడుగు వెనక్కి వేశాయి, ఇంకో అడుగు వేశాయి, ఒక్కసారిగా లేచాయి.

ఎడమ చెవిని అరచేత్తో గట్టిగా మూసేశాను. కుడి చెవిలో ఆ కీచు మోత వెనకాల, సూది మొన లాగా, ట్వీ, ట్వీ ట్వీ. వినబడింది!

"ఇనపడినాదా?" అన్నాడు మావ, పిట్టల్ని కాదు, నా మొహాన్ని చూస్తూ.

తలూపాను. "ఎలాగున్నాదో సెప్పు" అన్నాడు. అతని చెవి దగ్గర వంగి ట్వీ ట్వీ అని నాకు చేతనైనట్టు ఈల వేశాను. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఆఁ. అదే. అలాగే ఉండేది" అన్నాడు. తెరచాప తిప్పాడు, పోటు మమ్మల్ని గట్టుకి తోసింది. తిరుగు రైల్లో నౌపడ నుంచి కొత్తవలస దాకా మొద్దు నిద్ర పోయాను. నెల రోజుల తర్వాత అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ, కుడి చెవిలో వినికిడి కొంచెం తగ్గింది కానీ మిగిలింది కాపాడుకోవచ్చు అంది. సోమవారం ఫ్యాక్టరీలో, బీరువా తెరిచేదాకా రంపం ఆన్ చెయ్యనని నిలబడ్డాను. పావుగంటలో తాళం చెవి వచ్చింది. నాలుగేళ్ళు అడుక్కున్నదానికి పావుగంట! కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. కానీ ఇప్పుడు కప్పులు పెట్టుకుని పని చేస్తున్నప్పుడు లోపల దాచుకోవడానికి ఒక శబ్దం ఉంది. మీరు ఆ దిబ్బలకి వెళితే గట్టు మీద ముందు అడగాల్సింది రేటు కాదు, ఆ రోజు పోటు ఎప్పుడు తిరుగుతుందని. దానికి గంట ముందే తెరచాప పడవలో అక్కడికి చేరి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి.