వంటల పందిరికి కట్టిన రేల పూలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పువ్వుతో పని ఉందంటే అది మా మేనత్త పనే. ఆమె మా నాయినకు చెల్లెలు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి తిరిగివచ్చి మాతోనే ఉండిపోయింది. పెరట్లో మల్లె, కనకాంబరం, గన్నేరు అన్నీ ఆమె పెంచినవే. పొద్దున్నే మా తలల్లో ఆమె కట్టిన దండే ఉండేది. ఆమె తలలో మాత్రం ఒక్క పువ్వు కూడా నేను ఎన్నడూ చూడలేదు. ఎందుకని అడగాలని కూడా తోచలేదు.

మాది కాటారం దగ్గర అడవికి ఆనుకున్న పల్లె. అరవైతొమ్మిది తెలంగాణ గొడవలు సద్దుమణిగిన కొన్నేళ్లకు, ఒక వేసవిలో మా అక్క పెళ్లి కుదిరింది. పిల్లవాడి వాళ్లది జనగామ వైపు. ఇంట్లో మాట చెల్లేది మా పెద్దనాయినది. వరంగల్ నుంచి పూలు తెప్పిస్తానని ఆయన అంటే మా అత్త వద్దంది.

"అంత దూరంకెల్లి ఎండల వచ్చేసరికే వాడిపోతయన్నా. అడివి నిండ రేల పూసి ఉన్నది. పందిరి నాకు ఇడిసిపెట్టు."

పెళ్లికి ముందురోజు మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని అడవి అంచుకు పోయింది. రేల చెట్లకు ఆకు కనబడకుండా పసుపుపచ్చటి గుత్తులు వేలాడుతున్నాయి. గుత్తి నలగకుండా కాడతో సహా కోయించి, తడి గోనెల్లో చుట్టి బండిమీద తెచ్చింది. ఇంట్లో ఎండబెట్టి దాచిన మోదుగుపూలు నానబెట్టి, ఆ ఎర్రని నీళ్లలో నూలు దారాలు ముంచి ఆరేసింది. ఆ దారాలతో రేల గుత్తుల్ని పందిరి కప్పుకు తలకిందులుగా కట్టింది. గుంజలకు గన్నేరు పూలను బతుకమ్మ పేర్చినట్టు వరుస మీద వరుసగా చుట్టింది. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కునే గంగాళంలో మల్లెమొగ్గలు వేసింది. అరటి డొప్పను సన్నగా చీల్చి, దానిమీద మొగ్గలు కుట్టి అక్కకు పూలజడ మొదలుపెట్టింది.

తెల్లవారి ఊరంతా వచ్చి చూసింది. ఎండ పందిరిలోంచి దిగి నేలమీద పసుపుపచ్చగా పడుతుంటే, మా పెద్దనాయిన మీసం సవరించుకుంటూ అందరికీ చూపించాడు. మా ఇంటి పందిరి అన్నాడు. మా చెల్లె కట్టింది అని ఒక్కరితో కూడా అనలేదు. అది అప్పుడే నాకు ఎక్కడో గుచ్చుకుంది.

మా అత్త లోపల అక్క జడ సగం అల్లింది. అప్పుడు వచ్చాడు ఆయన. గడప అవతలే నిలబడి, ఆమె ముఖం చూడకుండా మాట్లాడాడు.

"చెల్లె, జడ నువ్వు అల్లకు. దండలు గూడ ఎవలన్న ముత్తయిదువతోని కట్టిస్త. నువ్వు వెనక వంటలకాడ ఉండు. పిలగానోళ్లు చూస్తే బాగుండదు."

మా అత్త చేతిలో పువ్వు అలాగే ఆగిపోయింది. "మరి పందిరి గూడ నేనే కట్టిన గద" అంది.

"పందిరిదేముంది. దానికేం దోషం లేదు."

ముందురోజంతా ఎండలో ఆమె వేళ్లు చీరుకుపోతే లేని దోషం, ఆడపిల్ల తల తాకేసరికి వచ్చిందట. మా అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. లేచి, కొంగు దోపుకుని, పీట ఒకటి తీసుకుని బయటికి నడిచింది. పందిరి కింద పీట వేసుకుని ఎక్కి, మొదటి రేల గుత్తి ముడి విప్పింది.

పెద్దనాయిన పరుగున వచ్చాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా" అన్నాడు.

"నన్ను వెనక ఉండుమంటివి. నేను కట్టిన పూలు గూడ నాతోనే వెనక ఉంటయి" అంది ఆమె. గొంతు పెంచలేదు. మరో ముడి విప్పింది.

పీట ఊగుతోంది. ఎవరూ కదలలేదు. మా అమ్మ వచ్చి పీటను రెండు చేతులా పట్టుకుంది. బావగారి ముందు ఎప్పుడూ తల ఎత్తని మా అమ్మ. విప్పిన గుత్తుల్ని, గుంజల మీది గన్నేరు దండల్ని నేను అందుకుని వెనక్కి మోశాను. వెనక పొయ్యిల దగ్గర తాటాకులు కప్పిన వంటల పందిరి ఉంది. అక్కడ కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లే లేచి, ఆ పూలన్నీ దానికి కట్టారు. పొగలో, బియ్యం బస్తాల నడుమ, ఆ పందిరి బంగారంలా మెరిసింది. ముందటి పందిరికి ఉత్త గుంజలు మిగిలాయి.

అంతలో జనగామ వాళ్లు దిగారు. బోసి పందిరి చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లవాడి తల్లి మంచినీళ్ల కోసం వెనక్కి వచ్చి, వంటల పందిరి చూసి ఆగిపోయింది. "గింత మంచిగ కట్టి వెనక పెట్టిండ్రేంది" అని అడిగింది.

మా అత్త దాచలేదు. "నాకు పెనిమిటి లేడు వదినె. నన్ను ముందట ఉండొద్దన్నరు. అందుకని నా పూలు ఇక్కడికి తెచ్చుకున్న."

అప్పుడే మా అక్క పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, సగం జడతో వెనక వాకిట్లోకి వచ్చింది. వచ్చి మా అత్త ముందు నేలమీద కూర్చుని తల వంచింది.

"అత్తా, మిగిలిన జడ వెయ్యి" అంది.

పెద్దనాయిన గుమ్మంలోంచే కేక వేశాడు. "ముహూర్తం దాటిపోతాంది, లే బిడ్డా."

"దాటితే దాటనీ పెద్దనాయిన. జడ అయినంకనే వస్త."

పిల్లవాడి తల్లి ఆయన వైపు తిరిగింది. "అల్లనీయుండ్రి. మేం ఆగుతం" అని, పక్కనే ఉన్న బియ్యం బస్తా మీద కూర్చుంది.

మా అత్త తొందరపడలేదు. చివరి మొగ్గ దాకా నింపాదిగా అల్లి, అక్క తల మీద రెండు చేతులూ పెట్టి పంపింది. వెళుతూ వెళుతూ పెద్దనాయిన, నువ్వు కూడా ముందుకు రా అన్నాడు. ఆమె కదలలేదు. నేనూ ఆమె పక్కనే ఉండిపోయాను. అందుకే మా అక్క పెళ్లిలో పుస్తె కట్టడం నేను చూడలేదు. డప్పుల మోత మాత్రం విన్నాను. అప్పుడు మా అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కాలిపోతున్నట్టు వేడిగా ఉంది.

మా పెద్దనాయిన బతికినన్నాళ్లూ, నా చెల్లె పెళ్లి పందిరి పాడు చేసిందని చెప్పుకున్నాడు. ఎందుకు చేసిందో మాత్రం చెప్పలేదు. తర్వాత ఆయన బిడ్డ పెళ్లికి పూలు కట్టమని తానే వచ్చి అడిగాడు. కట్టనంది. బతిమాలినా కట్టలేదు. ఊళ్లో ఆమెది మొండితనమన్నారు. నేను ఎన్నడూ అలా అనుకోలేదు.

ఈ వయసులో కోపం మంచిది కాదని పిల్లలు చెబుతుంటారు. ఎన్నో కోపాలు వదిలేశాను. ఆ రోజు మా అత్త దగ్గర నేర్చుకున్న ఈ ఒక్కటి వదలలేదు. నిరుడు గార్లలో బంధువుల పెళ్లికి వెళ్లాను. మా ఆయన పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. పెళ్లికూతురును పీటల మీదికి తెచ్చే వేళ ఒకావిడ మెల్లగా నా దగ్గర వంగి, "పెద్దమ్మా, మీరు జర వెనక కుర్చీల కూసుంటే మంచిగుంటది" అంది.

"ఎవలకు మంచిగుంటది బిడ్డా" అని అడిగాను.

గట్టిగా అడగలేదు. జవాబు కోసం ఆమె కళ్లలోకే చూస్తూ కూర్చున్నాను. ఆమె కొంగు సర్దుకుని పీటల వైపు వెళ్లిపోయింది. తలంబ్రాలు అయిపోయేదాకా నేను ముందు వరుసలోనే ఉన్నాను.