రమణ నోట నా మాట

కొన్నేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

టీవీలో అందరినీ నవ్వించిన రమణ నా చిన్ననాటి స్నేహితుడు. వాడి జోకులు చాలావరకు నేనే రాసిచ్చేవాణ్ణి. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. నేను సత్తెనపల్లి దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారిని. పేరు బయటికి రావడం నాకే ఇష్టం లేదు.

కొన్నేళ్ళ కిందట గుంటూరులో వాడి ప్రోగ్రాం. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ మీద ఒక మాట రాసిచ్చాను. అలాంటిదాన్ని చేసుకున్నవాడు ఆమె దగ్గరికి పోవాలంటే ముందు మజ్జిగ ముంత పక్కన పెట్టుకోవాలట. జనం పడీపడీ నవ్వారు. రెండు రోజుల్లో ఆ ముక్క అందరి ఫోన్లలోకీ ఎక్కింది. మూడో రోజున కూలి ఆడవాళ్ళు, ముక్కుకు కట్టుకున్న గుడ్డలతోనే వచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళ కోపంలో తప్పేముంది? చేతులు మండి అన్నం కలుపుకోవడానికి కూడా జంకేవాళ్ళను, కోటు తొడుక్కున్నవాడు స్టేజీ ఎక్కి అంత మాటంటే ఎవరు ఊరుకుంటారు?

హాస్యానికి హద్దులేమిటని కొందరు, వాడి నోటికి తాళం వేయాలని కొందరు. మాట్లాడే స్వేచ్ఛకూ ఒక మర్యాద ఉండాలని స్టాఫ్ రూములో టీ తాగుతూ నేనూ ఉపన్యాసమిచ్చాను.

ఆ మాట నేను కల్పించింది కూడా కాదు. మా అమ్మది. తొడిమలు తీసి నన్ను చదివించింది, నా ఉద్యోగం చూసి పోయింది. మిరపకాయలు ఆరబోసే కల్లంలో తోటి ఆడవాళ్ళ మధ్య కూర్చుని తన మీద తనే వేసుకునే హాస్యం అది. వాళ్ళంతా దగ్గుతూ నవ్వేవాళ్ళు. స్కూల్లో మాత్రం మాది వ్యవసాయ కుటుంబమని చెప్పుకున్నాను.

రమణ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, రాసింది నువ్వని చెప్పనులే. నీ ఉద్యోగం జోలికి రానివ్వను. ఇది వాళ్ళల్లో వాళ్ళు అనుకునే మాటేనని, మీ అమ్మ అనేదని, ఒక్కసారి వచ్చి ఆ ఆడవాళ్ళకి చెప్పరా. ఆవిడ కొడుకువంటే నమ్ముతారు."

"పోయిన మా అమ్మను ఇందులోకి ఎందుకు లాగుతావురా?" అన్నాను.

వాడు "సరేలే," అని పెట్టేశాడు.

మర్నాడు తప్పంతా తనదేనని క్షమాపణ చెప్పాడు. అయినా ఛానెల్ వాళ్ళు వాణ్ణి తీసేశారు. తర్వాత అద్దంకి, పొదిలి వైపు పెళ్ళి రిసెప్షన్లలో మైకు పట్టుకున్నాడు. అక్కడా ఎవరో ఒకరు గుర్తుపట్టి కేకలేసేవారట. క్రమంగా అదీ మానుకున్నాడు. కిందటేడు గుండెపోటుతో పోయాడు.

నేను వెళ్ళాను. వాడి భార్య నన్ను చూసి, "ఆ పాడు మాట ఈయనకెందుకు తట్టిందో అన్నయ్యా," అని ఏడ్చింది. నేను ఓదార్చాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా?

అమ్మ పరువు పోతుందనే ఆగానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆమె కూలిమనిషని నలుగురికీ తెలుస్తుందని ఆగాను. అందరికంటే ఎక్కువగా ఆ ఆడవాళ్ళను చిన్నచూపు చూసింది నేనే.

ఇది రాస్తుంటే గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదేమో. వాడి భార్యకు ఇంకా చెప్పలేదు.