పక్క సీటు బ్రేకు

మా పక్క డ్రైవింగ్ స్కూలు ఆవిడకి కుడి చెప్పు ఎప్పుడూ ఎడమ చెప్పుకంటే ముందు అరిగిపోతుంది. జత కొన్న ఆరు నెలలకల్లా కుడిదాని ముందు భాగం కాగితంలా పలచబడుతుంది, ఎడమది మాత్రం కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంటుంది. ఇరవై రెండేళ్ళుగా నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాళ్ళ దగ్గర విడిగా పెట్టించుకున్న రెండో బ్రేకు తొక్కీ తొక్కీ ఆ కాలికి అదే వృత్తి అయిపోయింది. అందుకే అందరూ ఆవిడని బ్రేకు మేడం అంటారు. అసలు పేరు బోర్డు మీద ఉండేది. రెండు వానాకాలాల క్రితం అదీ చెరిగిపోయింది.

నాది జిరాక్స్ షాపు. లైసెన్సు కాగితాలన్నీ నా మెషిన్ మీదుగానే పోతాయి కాబట్టి ఎవరు పాసయ్యారో, ఎవరు మూడోసారి డబ్బు కట్టారో మేడంకంటే ముందు నాకే తెలుస్తుంది. షాపులో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అందులో కూర్చున్న మనిషికి ఎందుకో నోరు ఊరుకోదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటాడు గానీ, ఈ సంగతి మాత్రం చాలా రోజులే నానింది.

ఆ స్కూలు మొదట వాళ్ళ నాన్నది. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. రంగు, జుట్టు, మార్కులు, మాట తీరు అన్నీ చిన్నదానికి వచ్చాయని వాళ్ళమ్మ ఇప్పటికీ పెద్దదాని ఎదుటే చెబుతుంది. ఆవిడకి అందులో తప్పేమీ కనిపించదు. చిన్నది ఒక్క కుర్చీతో పార్లరు పెట్టి ఇప్పుడు మూడు చోట్ల నడుపుతోంది. కానీ బండి దగ్గరికి వచ్చేసరికి పెద్దదే. పదిహేనో ఏట నాన్న స్టీరింగ్ చేతికిచ్చింది పెద్దదానికే. చిన్నదానికి క్లచ్చు అంటే వణుకు. అక్క దగ్గరే నేర్చుకుని లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారికి గట్టెక్కింది. ఆ రెండు రోజులూ మేడం నా షాపు ముందు నిలబడి చెల్లెల్ని ఓదార్చింది. ఓదారుస్తూ లోపల ఎంత చల్లగా ఉందో నాకు తర్వాత తానే చెప్పింది. "అన్నీ దానివే వదినా. బండి ఒక్కటే నాది. అది పోతే నాకింకేముంది?" అంది.

ఇంతా చేసి, బండి నాది అనుకునే ఆ మనిషి ఊరు దాటి కారు నడిపిందే లేదు. స్కూలు, గ్రౌండు, ఫ్లైఓవరు ఎక్కుడు, లైసెన్సు ఆఫీసు. ఆ ఆరు కిలోమీటర్లే ఇరవై రెండేళ్ళు తిరిగింది, అదీ పక్క సీటులో కూర్చుని. నలభై దాటిన స్పీడు ఆ కారుకి తెలియదు.

ఒక ఉదయం మేడం వీధి మధ్యలో నిలబడి ఎవరినో తిడుతుంటే, వెనకనుంచి కారొకటి వచ్చి జానెడు దూరంలో ఆగింది. ఆవిడకి వినపడనే లేదు. వినపడడానికి అందులో ఇంజనుంటే కదా. అద్దం దించి చెల్లెలు నవ్వుతోంది. కొత్త ఎలక్ట్రిక్ కారు. క్లచ్చు లేదు, గేర్లు లేవు. కాలు ఎత్తితే దానంతటదే నెమ్మదిస్తుంది. మేడం చుట్టూ తిరిగి చూసి, బాగుందే అని, నేరుగా నా షాపులోకి వచ్చి బాటిల్‌లో నీళ్ళన్నీ ఎత్తిపట్టి తాగేసింది. "మా ఇంట్లో మిక్సీ కూడా దీనికంటే గట్టిగా మాట్లాడుతుంది" అంది. ఎంత కుళ్ళుకుందో మొహంలోనే కనిపించింది. దాచుకోవడం ఆవిడకి చిన్నప్పట్నుంచీ చేతకాదు.

వాళ్ళ పిన్ని కాలు విరిగి మంచంలో ఉంది. ఉండేది కొండకి అవతల, సముద్రం ఒడ్డు ఊళ్ళో. రెండు వందల తొంభై కిలోమీటర్లు. అమ్మని కొత్త కారులో తీసుకెళ్తానని చెల్లెలు చెప్పి, "నువ్వు పక్కన కూర్చో అక్కా, నాకు ధైర్యంగా ఉంటుంది" అంది. నువ్వు నడుపు అంటుందేమోనని మేడం రెండు రోజులు ఎదురుచూసింది. అడగడానికి నోరు రాలేదు. చివరికి కొత్త చెప్పులు వేసుకుని మళ్ళీ పక్క సీటులోనే ఎక్కింది. ఈసారి కాళ్ళ దగ్గర బ్రేకు కూడా లేదు.

తెల్లారి ఆరింటికి బయలుదేరారు. మొదటి గంటలోనే మేడం కుడి కాలు కింద మ్యాటుని పాతికసార్లు తొక్కింది. వెనకనుంచి వాళ్ళమ్మ, కాలు తిమ్మిరెక్కిందా అని అడిగింది. తర్వాత ఆవిడే, చిన్నది ఎంత మెత్తగా నడుపుతోందో, కునుకు పట్టేస్తోంది, నీ బండిలో కూర్చుంటే నా నడుం నాది కాదే తల్లీ అంది. మేడం పళ్ళు నూరుకుంది. లారీకి దగ్గరగా పోతున్నావని తిట్టబోతే, నోరు తెరిచే లోపే కారు మూడుసార్లు కీక్ కీక్‌మంది. "అదే చెప్తుందక్కా, నువ్వు హాయిగా కూర్చో" అంది చెల్లెలు. ఇరవై రెండేళ్ళుగా తిట్టి బతికిన మనిషి. ఆ తిట్టే పని కూడా కారే లాక్కుంది.

నూట అరవై కిలోమీటర్లకి, ఒక హోటలు వెనక చార్జింగుకి ఆగారు. రెండు మెషిన్లుంటే ఒకదానికి ప్లాస్టిక్ సంచీ తొడిగి ఉంది, పనిచేయదు. రెండోదానికి చెల్లెలు ప్లగ్గు పెట్టింది. అప్పటికి బ్యాటరీ నలభై నాలుగు శాతం ఉంది. మధ్యలో ఇంకెక్కడా చార్జింగు లేదు, ముందు కొండ ఉంది కాబట్టి ఎనభై ఐదు అయ్యేదాకా కదలకూడదని రెండుసార్లు చెప్పి, మెషిన్‌కి చూపించే కార్డు అక్క చేతికిచ్చి, అమ్మతో లోపలికి భోజనానికి వెళ్ళింది. మేడం ఆకలి లేదని కారు దగ్గరే ఉండిపోయింది.

అంకె యాభై దాటింది, అరవై దాటింది. అరవై ఒకటి దగ్గర మేడం కార్డు చూపించి చార్జింగు ఆపేసింది.

ఎందుకని నేను అడగలేదు, తానే చెప్పింది. కారు ఆగిపోవాలని కాదట. కొండ మీద అంకె పడిపోతుంటే చెల్లెలి మొహం పాలిపోవాలి, చేతులు వణకాలి, అక్కా నువ్వు తీసుకో అని నోటితో అనాలి. అంతే కావాలి. ప్లగ్గు తీస్తుంటే తెల్ల కారొకటి వచ్చి ఆగింది, వెనక సీటులో పసిపిల్ల నిద్రపోతోంది. మాది అయిపోయింది, పెట్టుకోండి అని జరిగింది. "ఆ పిల్ల కోసమే తీశానని నాకు నేను చెప్పుకుందామనుకున్నా వదినా. కుదరలేదు. ఆ పిల్లని తర్వాత చూశాను" అంది. వెనక సీటులో అమ్మ ఉంటుంది కదా, ఆ సంగతేమిటన్నాను. "ఆ నిమిషం అమ్మ గుర్తు రాలేదు" అంది, చెప్పుల వైపు చూస్తూ.

చెల్లెలు తిరిగొచ్చాక మేడం పసిపిల్ల కథ చెప్పింది. చెల్లెలు తెర మీద అంకె చూసింది, ఒక క్షణం అక్క మొహం చూసింది. ఇంకా నూట ఎనభై కిలోమీటర్లు పోతుందని కారు చూపిస్తోంది, పోవలసింది నూట ముప్పై. సరే పదండి అంది. వాళ్ళమ్మ మాత్రం పెద్దదాని భుజం తట్టి, మంచి పని చేశావే అంది. రోజు మొత్తంలో ఆవిడ నోటినుంచి పెద్దదానికి దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. అదీ అబద్ధానికి.

కొండ మొదట్లో నలభై శాతం ఉంది. ఎక్కడం మొదలుపెట్టాక అంకె మెట్లు దిగినట్టు దిగింది. ముప్పై రెండు. ఇరవై ఐదు. ఏసీ కట్టేశారు, పాటలు కట్టేశారు. వాళ్ళమ్మ పమిటతో విసురుకుంటూ కిటికీ దించమంది. చెల్లెలి కళ్ళు రోడ్డు మీద లేవు, అంకె మీదే ఉన్నాయి. మేడంకి కావలసినట్టే జరుగుతోంది. మొదట్లో సంబరంగానే ఉందట.

పద్దెనిమిది దగ్గర ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. చెల్లెలు అంకె చూస్తూ మధ్య గీత దాటేసింది. మేడం కాలు బలమంతా పెట్టి తొక్కింది. ఇరవై రెండేళ్ళలో ఆ కాలు తొక్కితే బండి ఆగకపోవడం అదే మొదటిసారి. కింద మ్యాటు తప్ప ఏమీ లేదు. కారు కీకీమని అరుస్తోంది, బస్సు హారను కొండంతా మోగుతోంది, వెనక వాళ్ళమ్మ దేవుడా అంది. మేడం చెయ్యి చాచి స్టీరింగ్ లాగింది. బస్సు చెయ్యి పట్టేంత సందులో దాటిపోయింది. ఆ క్షణంలో అమ్మ గుర్తొచ్చిందట.

కొండ పైన, బళ్ళు ఆపుకునే జాగాలో చెల్లెలు కారాపి దిగి రాయి మీద కూర్చుంది. పద్నాలుగు శాతం. ఇంకా నలభై ఐదు కిలోమీటర్లు. మొహం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. మేడం కోరుకున్నవన్నీ వరసగా వచ్చాయి.

"అక్కా, నా వల్ల కాదు. నువ్వు తీసుకో" అంది.

చెల్లెలే మళ్ళీ అంది. "ఈ కారు ఎందుకు కొన్నానో తెలుసా? క్లచ్చు లేదని. నువ్వు నేర్పింది ఒక్కటి కూడా అక్కర్లేదని. నాన్న నీకు స్టీరింగిచ్చాడు, నాకు వెనక సీటిచ్చాడు. ఆ ఏడుపు నాకింకా పోలేదు."

ఆ మాట విన్నప్పుడు ఎలా అనిపించిందని అడిగితే, బ్రేకు మేడం నా కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా నవ్వింది. అంత హాయి తనకి పెళ్ళి రోజున కూడా లేదంది. తన మీద ఏడ్చేవాళ్ళు కూడా ఉన్నారని నలభై ఏడో ఏట తెలిసింది మరి.

తీరా స్టీరింగ్ ముందు కూర్చుంటే ఎడమ కాలు క్లచ్చు కోసం వెతుక్కుంది. ఊరు దాటి ఎప్పుడూ నడపలేదన్న నిజం అప్పుడు బయటపడింది. పక్క సీటులో చెల్లెలికి అది అర్థమైంది. "చూపు రోడ్డు మీద పెట్టు, కాళ్ళు వాటి పని అవే చూసుకుంటాయి" అంది. పరీక్ష రెండుసార్లు పోయినప్పుడూ మేడం ఆవిడకి చెప్పిన మాటే అది. మేడం దిగుడంతా కాలు ఎత్తి, కారుని దాని దారిన జారనిచ్చింది. పద్నాలుగు పదిహేనైంది. పదహారైంది. దిగుతుంటే నిండుతోందేమిటే అని వాళ్ళమ్మ వెనకనుంచి ఆశ్చర్యపోయింది. దిగుడులో తిరిగే చక్రాలే బ్యాటరీని నింపుతాయట. అడుగుకి చేరేసరికి పద్దెనిమిది. పిన్ని వాళ్ళ ఊళ్ళో చార్జింగు దగ్గర ఆగేసరికి తొమ్మిది మిగిలింది.

పిన్ని మంచం చుట్టూ అందరూ చేరాక చెల్లెలే చెప్పింది. అక్క లేకపోతే కొండ మీదే ఉండిపోయేవాళ్ళమని, దారిలో ఎవరి పసిపిల్ల కోసమో అక్క తమ చార్జింగు కూడా వదులుకుందని. అందరూ మేడంని మెచ్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో సగం దారి తానే నడిపింది. అదే హోటలు వెనక ఎనభై ఐదు అయ్యేదాకా మెషిన్ పక్కనే నిలబడింది, కూర్చోలేదు.

ఇదంతా నాకు చెప్పి, చార్జింగు ఆపిన సంగతి చెల్లెలికి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుని మేడం వెళ్ళిపోయింది.

వారం తర్వాత చెల్లెలు కారు కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చింది. మెషిన్ వేడెక్కాలి, కూర్చోమన్నాను. అదే కుర్చీ. అక్క ఏమైనా చెప్పిందా అని అడిగింది. ఏం చెప్పాలన్నాను. ఫోను తీసి ఒక మెసేజి చూపించింది. అరవై ఒక్క శాతం దగ్గర మీ కార్డుతో చార్జింగు ఆపారని ఉంది, టైముతో సహా. భోజనం మధ్యలో అది చూసి కిటికీలోంచి తొంగిచూసిందట. ఆపినప్పుడు అక్కడ వేరే కారు లేదు. తెల్ల కారు తర్వాతే వచ్చింది.

"తెలిసి మరి ఎందుకు బయలుదేరావు? మళ్ళీ పెట్టుకోవలసింది కదా" అన్నాను.

"నేను భయపడాలని ఆపింది వదినా, నాకు తెలుసు. ఆ అరవై ఒకటితోనే కారుని కొండ ఎక్కించి అక్క ముందు నిలబడదామనుకున్నా."

మెషిన్ కాగితాలు ఒక్కొక్కటే బయటికి తోస్తోంది. వెనక మీ అమ్మ ఉంది కదా అన్నాను.

చెల్లెలు కాగితాలు సర్దుకుని, అంచులు బల్లకి తట్టి సమం చేసింది. తలెత్తలేదు.

"ఆ నిమిషం అమ్మ గుర్తు రాలేదు" అంది.