పాలసీసాలో నురుగు

రంగుల కొట్టులో పదకొండేళ్లుగా రంగులు కలుపుతున్న ఆ మనిషికి లోకంలో ఒక్కటే శత్రువు, ఉండ. డబ్బా అడుగున దాక్కుని, సరిగ్గా గోడ మధ్యకి వచ్చాక బ్రష్ కింద మొటిమలా తేలే రంగు ఉండ. కొనేవాళ్లు రంగుల కార్డులో ఏ గడి మీద వేలు పెడితే ఆ రంగు చుక్కలు తెల్ల డబ్బాలో పడతాయి. మూత బిగించి కుదిపే మిషనులో పెడితే రెండు నిమిషాల్లో అదే కలిపేస్తుంది. ఎవరికైనా అక్కడితో పని అయిపోయినట్టే. అతనికి మాత్రం అవదు. మిషను ఆగాక డబ్బాని చేతుల్లోకి తీసుకుని, మనసు కుదుటపడేదాకా ఇంకో నలభై సార్లు ఊపుతాడు. మిషను అమ్మేసి నిన్నే కరెంటుకి తగిలిస్తానని యజమాని వేళాకోళమాడతాడు. వీధంతా అతన్ని మిక్సర్ అనే పిలుస్తుంది. ఆ పేరు అతనికి ఇష్టమే.

అలాంటివాడి చేతికి కన్నకూతురి పాలసీసా వచ్చింది.

పిల్ల పోతపాల పిల్ల. కాన్పు తర్వాత భార్య వాడాల్సొచ్చిన మందుల వల్ల తల్లిపాలు పట్టొద్దని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ఆ మాటకి భార్య రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఇంటికొచ్చిన రోజు అతను పాలపొడి డబ్బా వంటింటి గట్టు మీద పెట్టి, నువ్వు పట్టు, కలపడం నా వంతు, ఈ పనిలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు అన్నాడు. ఆమె చాలా సేపటికి తిరిగి చూసి, సరే అంది.

కలిపాడు. మరిగించి చల్లార్చిన నీళ్లు, గీటు పెట్టినట్టు కొలిచిన పొడి, మూత బిగించి పైకీ కిందికీ అరవై సార్లు. పసిదాని గొంతులో ఉండ అడ్డం పడుతుందేమోనని ఇంకో ఇరవై. సీసా పైన రెండు వేళ్ల మందాన తెల్లటి నురుగు నిలిస్తే తప్ప అతనికి తృప్తి లేదు. తను కొట్టులో ఉన్నప్పుడు కూడా లోటు రాకూడదని పద్ధతంతా అట్టముక్క మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు.

సాయానికి వచ్చిన అత్తగారు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. అల్లుడు ఉతికిన బట్టల మడతల్లో, అల్లుడు ఊడ్చిన మూలల్లో ఆవిడకి తప్పులు కనిపించాయి. పాలసీసా మాత్రం దీపానికి అడ్డంగా పెట్టి చూసి, "ఉండ అన్న మాటే లేదు. ఈ ఒక్క సబ్జెక్టులో మీకు నూటికి నూరు, అల్లుడుగారూ" అంది. ఆ మార్కులు అతను కొట్టుకి మోసుకెళ్లి యజమానికి కూడా చెప్పుకున్నాడు.

మూడో వారంలో మొదలైంది ఏడుపు. పగలంతా బుద్ధిగా ఉండే పిల్ల, సాయంత్రం ఆరు కొట్టేసరికి కాళ్లు కడుపులోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, గుక్కపట్టి ఏడ్చేది. మొహం ఏ కార్డులోనూ నంబరు లేని ఎరుపుకి తిరిగేది. వేలెడంత లేదు, ఇల్లు పీకి పందిరేసేది. భుజం మీద వేసుకున్నారు, వీపు నిమిరారు, కుళాయి వదిలి నీళ్ల చప్పుడు వినిపించారు, మెట్లు ఎక్కి దిగారు. కుళాయికి కాసేపు నోరు మూసేది, బకెట్టు నిండగానే మళ్లీ అందుకునేది. డాక్టరమ్మ చూసి, బరువు పెరుగుతోంది, జ్వరం లేదు, కడుపులో గాలి చేరి నొప్పి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది అంది. మూడు నెలలు అనడం తేలికే. అత్తగారు గడియారం చూసి రోజూ లెక్క కట్టేది. రెండు గంటల పది నిమిషాలు. రెండు గంటల నలభై. మూడు గంటలు.

బుధవారం సాయంత్రం, ఏడుపు ఆగాక, అత్తగారు తేల్చి చెప్పింది. ఆదివారం బస్సుకి తల్లినీ పిల్లనీ తనతో తీసుకెళ్తుంది. తన ఇల్లు విశాలం, చిన్నకూతురు పక్క వీధిలోనే ఉంటుంది, నలుగురు చేతులు మార్చుకుంటే ఈ మూడు నెలలూ గట్టెక్కుతాయి. మాటలో తప్పేమీ లేదు. అందుకే అతనికి ఎదురు చెప్పడం చేతకాలేదు. భార్య వైపు చూశాడు. ఆమె కళ్ల కింద నలుపు, చీర కుచ్చిళ్లు సర్దుకునే ఓపిక కూడా లేని చేతులు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఆ ఊరికి పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు. సెలవు వారానికి ఒక్కరోజు. పిల్ల మెడ నిలబెట్టడం, మనిషిని చూసి నవ్వడం అన్నీ ఆ మూడు నెలల్లోనే. వాళ్లు తిరిగొచ్చేసరికి పిల్లకి తను ఎవరో కొత్తాయన అయిపోతాడు. ఈ మాట పైకంటే, మీ సరదా కోసం నా కూతురు నిద్ర మానుకోవాలా అని అత్తగారు అడగొచ్చు. అడిగినా న్యాయమే.

గురువారం కొట్టులో అతని కాళ్లు అక్కడ, మనసు ఇంటి దగ్గర. మధ్యాహ్నం ముసలి పెయింటర్ ఒకాయన లేతపచ్చ రంగు కోసం వచ్చాడు. ఇతను మిషనులో పెట్టిన డబ్బా సంగతి మరిచిపోయి రెండు నిమిషాలకి బదులు ఆరు నిమిషాలు తిప్పాడు, ఆపైన అలవాటు కొద్దీ నలభై ఊపాడు. పెయింటర్‌కి అర్జెంటు. అక్కడే మూత లేపి చూసి, డబ్బా వెనక్కి నెట్టాడు.

"ఏంటి నాయనా ఇది, రంగా సబ్బునీళ్లా? ఇంత గాలి గోడకి పూస్తే పొక్కులు లేస్తాయి. రోజూ మాకు చెప్పేవాడివి నువ్వే కదా."

నిజమే. రోజుకి పదిమందికి అతనే చెప్తాడు, మూత తీసి అరగంట వదిలెయ్యండి, నురుగు దిగాకే బ్రష్ ముంచండి అని. ఎన్నేళ్లుగానో చెప్తున్న మాట. అతను డబ్బాలోకి చూస్తూ ఉండిపోయాడు. లేతపచ్చ నురుగు మీద బుడగలు ఒక్కొక్కటీ చిట్లుతున్నాయి. దీపం కింద చీకటి అంటారే, సరిగ్గా అదే. గోడకి పొక్కులు లేస్తాయని తెలిసినవాడికి, పసికడుపు సంగతి తట్టలేదు.

కొట్టు వెనక్కి వెళ్లి ఆసుపత్రి నర్సుకి ఫోన్ చేశాడు. పాలు ఎలా కలుపుతున్నారని ఆమె అడిగితే చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకుంటోందని అతనికి అర్థమైంది. ఊపకండి, సీసాని గుండ్రంగా తిప్పండి, నురుగు దిగేదాకా ఆగండి, పిల్లని నిటారుగా పట్టుకుని పట్టండి, మధ్యలో ఆపి తేన్పు తెప్పించండి అంది. ఏడ్చేటప్పుడు ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి నడవమంది. ఏడుపంతా దానివల్లే అనలేను, కొంత తగ్గొచ్చు అని కూడా అంది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. తన చేతి పద్ధతి మార్చుకుంటే చాలదు, పగలు కలిపేది ఆ ఇద్దరూ, ఫ్రిజ్ మీద తను రాసిపెట్టిన అట్టముక్క ప్రకారం. చెప్పక తప్పదు. ఆవిడ దగ్గర ఉన్నవి ఆ నూరు మార్కులే, అవి కూడా పోతాయి. ఇంటికెళ్లే దారిలో ఇంకేదైనా కారణం అల్లుదామని చూశాడు. పాలపొడి మార్చమన్నారని చెప్పొచ్చు, నీళ్ల తేడా అని చెప్పొచ్చు. గుమ్మం దగ్గరకి వచ్చేసరికి లోపల పిల్ల గొంతు వినిపించింది. అల్లినవన్నీ ఊడిపోయాయి.

చెప్పులు విప్పి, అట్టముక్క చింపి, ఇద్దరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అంటే ఇన్నాళ్లూ పసిదానికి గాలి కలిపి తాగించామన్నమాట."

"అవునండీ. మీరు కాదు, నేను."

"నేను దానికి నూరు వేసి మరీ."

అప్పుడు భార్య నవ్వింది. మొదట ముక్కులోంచి చిన్న చప్పుడు, తర్వాత ఏడ్చే పిల్లని భుజాన వేసుకునే మంచం మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా. మూడు వారాలుగా ఆ ఇంట్లో వినపడని చప్పుడది. అత్తగారు కూతురి వంక కాసేపు చూసి, పేపరు దిద్దినదాన్ని, తప్పులో నాకూ సగం వాటా ఉందిలెండి అంది.

ఆ సాయంత్రం మామూలే, మూడు గంటలు. అత్తగారు అటక మీంచి సూట్‌కేసు దింపింది. శుక్రవారం పొద్దుటి నుంచీ కొత్త పద్ధతి. సీసాలు గట్టు మీద నిలబడి నురుగు దించుకునేవి, అది దిగేదాకా ఆగడం ఆకలేసిన పిల్ల కంటే అత్తగారికే కష్టమైంది. సాయంత్రం రెండు గంటల చిల్లర. అతను పిల్లని ముంజేతి మీద బోర్లా వేసుకున్నాడు. బుగ్గ మోచేతి వంపులో, కాళ్లు చెరోవైపు, కడుపు కింద అతని చేయి. నిండు డబ్బాలు మోసిన చేయి కాబట్టి వణకలేదు. వంటింటి నుంచి వీధి గదికి, వీధి గది నుంచి వంటింటికి నడిచాడు. శనివారం గంటా పది నిమిషాలు. అందులో ఒక తేన్పు వచ్చింది చూడండి, పక్కింటివాళ్లు తలుపు తీసి చూసేంత తేన్పు.

ఆదివారం నాలుగింటికి బస్సు. పొద్దున్న అత్తగారు పిల్ల బట్టలు సర్దుతుంటే, భార్య వచ్చి సూట్‌కేసు పక్కన కూర్చుంది. చిన్న చొక్కాలు ఒక్కొక్కటే బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, వాళ్ల నాన్న చేతి మీద తప్ప ఇది తేన్చడం లేదు. మేం రావాలంటే ఆ చేతిని కూడా పెట్టెలో పెట్టుకెళ్లాలి."

"ఏడుపు పూర్తిగా పోలేదే తల్లీ. నాలుగు రోజులకి మళ్లీ పెరిగితే?"

"పెరిగితే ఫోన్ చేస్తాను. నువ్వొద్దువుగాని."

అత్తగారు అల్లుడి వైపు చూసింది. అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తన తరఫున తను ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చి, "మధ్యాహ్నం ఓ గంట ఇంటికొస్తానని యజమానిని అడిగానండీ, ఒప్పుకున్నాడు" అన్నాడు. ఆవిడ తల ఊపి, మిగిలిన బట్టలు కూతురి ఒళ్లోకి తోసి, తన చీరలు పరుచుకుని సర్దుకుంది. సూట్‌కేసులో సగం ఖాళీ. కదలకుండా ఉండడానికి పాత దుప్పటొకటి కుక్కి జిప్పు వేసింది.

అత్తగారిని బస్సెక్కించి వచ్చేసరికి అయిదు దాటింది. ఆరింటికి పిల్ల మొదలెట్టింది. పావుగంట ఏడ్చి, ఆగి, మళ్లీ అరగంట ఏడ్చింది. అతను నడుస్తూనే ఉన్నాడు. చివరికి ఆ చిన్న వీపు ఒక్కసారి బిగిసి, వదులై, అతని అరచేతిలో బరువుగా ఒదిగింది. చొంగ కారి మణికట్టు తడిసింది.

భార్య గోడకి చేరబడి కూర్చునే నిద్రపోయింది. పిల్లని పక్కమీద వేయొచ్చు. చేయి భుజం దాకా తిమ్మిరెక్కింది కూడా. ఇంకో రెండుసార్లు వంటింటి దాకా వెళ్లొచ్చి చూద్దామనుకున్నాడు.